బరువు లెక్కల్లో స్త్రీల హక్కులు

నేనుంటున్న వెంగళరావు నగర్ నుంచి ఒక పక్కకి నడిస్తే ఎస్సార్ నగర్, అమీర్‌పేట లేడీస్ హాస్టళ్ళు. మరో పక్కకి నడిస్తే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఇంకాస్త పైకి వెళ్తే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. ఉద్యోగాలు వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయిలు, సినిమాల్లో చిన్న వేషాల కోసం వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసి బతికేవాళ్ళు, మధ్యతరగతి గృహిణులు అందరూ తిరిగే వీధులివి. ఈ వీధుల్లో గోడల మీదా స్తంభాల మీదా ఎక్కువగా కనపడే మాట ‘బరువు తగ్గండి’. నెలకిన్ని కిలోలని హామీ ఇచ్చే క్లినిక్కులు, పొడులు, టీలు, జిమ్ములు. వీటికి తోడు 2025లో మౌంజారో, వెగోవీ అనే ఇంజెక్షన్లు కూడా మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ మిస్ వరల్డ్ పోటీలకి వేదిక అయింది. అందాల పోటీల గురించి స్త్రీల సంఘాలు 1996 నాటి బెంగుళూరు పోటీలప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నాయి. ఆ పోటీలు కొద్ది రోజుల్లో ముగిసిపోతాయి. మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఏడాది పొడుగునా నడిచే బరువు పోటీ గురించి ఈ సంచికలో మాట్లాడుకుందాం.

ఈ విషయంలో స్త్రీలకి సాధారణంగా రెండు రకాల సలహాలు దొరుకుతుంటాయి. తిండి తగ్గించు, కేలరీలు లెక్కపెట్టుకో, రోజూ నడువు, అంతా నీ చేతుల్లోనే ఉంది అనేది ఒకటి. నీ శరీరం ఎలా ఉన్నా దాన్ని ప్రేమించు, ఎవరి మాటా పట్టించుకోకు అనేది రెండవది. పైకి ఇవి ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. కానీ రెండూ ఒంటరి స్త్రీనే నిలబెట్టి మాట్లాడతాయి. ఆమె వంటింట్లో ఏముంది, ఆమె రోజులో తనకంటూ ఎన్ని నిమిషాలున్నాయి, ఆమె ఉద్యోగం ఆమె శరీరాన్ని ఏమడుగుతోంది అని రెండూ అడగవు. మోకాళ్ళు నొప్పి పుట్టో, షుగరు వస్తుందన్న భయంతోనో, ఊరికే కాస్త తేలికగా ఉండాలనో బరువు తగ్గాలనుకునే స్త్రీని తప్పు పట్టాల్సిన అవసరం లేదు. ఆ కోరిక పూర్తిగా సహేతుకమైనది కావచ్చు. మనం అడగాల్సింది ఆ కోరికని నెరవేర్చుకునే పరిస్థితులు ఎవరికి ఉన్నాయి, ఎవరికి లేవు అని.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 30.1 శాతం మంది ఎత్తుకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం. అదే సర్వేలో తెలంగాణ స్త్రీలలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 14.8 శాతం మంది ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువున్నారు. రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ అంకెల్ని విడివిడిగా చూస్తే తిండి ఎక్కువైనవాళ్ళు ఒక చోట, తక్కువైనవాళ్ళు ఇంకో చోట ఉన్నారనిపిస్తుంది. కానీ రక్తహీనత సగం మందికి పైగా ఉందంటే లావుగా ఉన్నవాళ్ళలో కూడా ఎంతోమందికి ఒంట్లో రక్తం చాలడం లేదన్నమాట. కడుపు నిండుతోంది, పోషణ అందడం లేదు. అలాంటి స్త్రీకి ‘తక్కువ తిను’ అని చెప్పడం ఎంతవరకు వైద్యమవుతుంది?

ఈ నగరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాలగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. అప్పట్లో అది పరిశోధించింది ఆకలి రోగాల్ని. జొన్న మీదే ఆధారపడి బతికే పేదలలో కనిపించే పెలాగ్రా మీద సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్యలు 1960లో ప్రచురించిన పరిశోధన ప్రపంచానికి తెలిసిన పని. మన దేశపు ఆహార పదార్థాల్లో ఏది ఎంత శక్తినిస్తుందో లెక్కగట్టి పట్టికలు వేసింది కూడా ఆ సంస్థే. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో 528 ఆహారాల వివరాలున్నాయి. తిండి చాలనివాళ్ళకి ఏం పెట్టాలో తెలుసుకోవడానికి ఉపయోగపడిన లెక్కే ఇప్పుడు తిండి మానాలనుకునేవాళ్ళ చేతి ఫోనుల్లోకి చేరింది.

కేలరీలు లెక్కపెట్టి బరువు తగ్గే పద్ధతికి వందేళ్ళు దాటాయి. 1918లో అమెరికాలో లూలూ హంట్ పీటర్స్ అనే మహిళా డాక్టరు రాసిన పుస్తకం దీన్ని జనంలోకి తెచ్చింది. ఒక రొట్టె ముక్క అనకుండా వంద కేలరీల రొట్టె అనడం నేర్చుకోమని ఆమె స్త్రీలకి చెప్పారు. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. తిండి పొదుపు చేయడం దేశభక్తిగా ప్రచారమైన రోజులు. స్త్రీ తక్కువ తినడాన్ని సుగుణంగా చూడటం మన నోములూ వ్రతాలకే పరిమితం కాదని ఈ చరిత్ర చెబుతుంది. మన దగ్గర లంఖణం పరమౌషధం అంటారు. ఆ ఔషధం ఎక్కువసార్లు ఎవరి వంతుకి వస్తుందో మనకి తెలుసు.

లెక్క తప్పని నేననను. రోజూ ఏం తింటున్నామో రాసుకుంటే మనకే తెలియని సంగతులు తెలుస్తాయి. పొద్దుటి నుంచి తాగిన నాలుగు టీల్లో పంచదార ఎంత, కూరలో పోసిన నూనె ఎంత అని ఒక్క వారం గమనించినా చాలామందికి ఉపయోగమే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ లెక్క అడిగే తీరు మన ఇళ్ళకి సరిపోదు. ఒక గిన్నెలో పప్పు నలుగురికి వండుతాం. ఎవరెంత తిన్నారో తూచి వడ్డించం. అందరూ తిన్నాక మిగిలినది వండినామె తింటుంది. పారేయడానికి చేతులు రాక పిల్లలు వదిలేసిన ముద్దలు నోట్లో వేసుకుంటుంది. ఏదీ మిగలని పూట మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటుంది. ఆమె తిండి కొలత ఆమె చేతిలో లేదు. అది ఇంట్లో ఆమె స్థానాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

అసలు ఎంత తగ్గించాలి? క్లినిక్కులూ ఫోన్లలోని డైట్ చార్టులూ స్త్రీలకి తరచుగా రాసిచ్చే అంకె రోజుకి 1200 కేలరీలు. 2020లో భారత వైద్య పరిశోధనా మండలి, పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకే రోజుకి 1660 కేలరీలు కావాలి. ఒక మోస్తరు శ్రమ చేసే స్త్రీకి 2130, బరువు పని చేసే స్త్రీకి 2720. పొద్దున్నుంచి నాలుగైదు ఇళ్ళల్లో గిన్నెలు తోమి, బట్టలుతికి, మెట్లు కడిగే స్త్రీకి ఈ 1200 ఏ మూలకి? 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. ఆరు నెలల పాటు వాళ్ళకి రోజుకి 1600 కేలరీలకి కాస్త అటూ ఇటూగా తిండి పెట్టారు. వాళ్ళు చిక్కిపోవడమే కాదు, దిగాలుపడ్డారు, చిరాకుపడ్డారు, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. మగవాళ్ళ శరీరాల అవసరం ఎక్కువే, రెంటినీ సరిగ్గా పోల్చలేం. అయినా ఆ ప్రయోగానికి పెట్టిన పేరు ‘ఆకలి ప్రయోగం’. అంతకన్నా తక్కువ తిండితో ఇంటెడు చాకిరీ చేస్తూ చిరాకుపడే స్త్రీకి మనం పెట్టే పేరు ‘మనసు గట్టిది కాదు’.

ఇక తిండి ఎంపిక. అన్నం తగ్గించి పప్పులు, కూరగాయలు, గుడ్లు, పండ్లు పెంచమని డాక్టర్లు చెబుతారు. ఇది మంచి సలహానే. 2024 మేలో పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదన్నాయి. మన దేశంలో రోగాల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని కూడా అవి చెప్పాయి. కానీ మన ప్రజా పంపిణీ ఏమిస్తోంది? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది, అందులో సందేహం లేదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి నెలకి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. బియ్యం చేతికి అందుతుంది, పప్పు, గుడ్డు, పండు బజారు ధరకి కొనాలి. అలాంటప్పుడు కంచంలో అన్నమే ఎక్కువగా ఉండటం ఆమె తెలివితక్కువతనం ఎలా అవుతుంది? ఉన్న డబ్బుతో ఇంటిల్లిపాదికీ కడుపు నింపే పద్ధతి అదొక్కటే.

తిండిని ఎంచుకోవడమంటే నిజంగా ఏమిటో తెలియాలంటే జహీరాబాద్ వైపు చూడాలి. అక్కడ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత స్త్రీల సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి జొన్నలు, కొర్రలు, కందులు కలిపి పండించాయి. 1990లలో తమ ఊళ్ళలోనే జొన్నల నిధులు పెట్టి, ఎవరు బాగా పేదవాళ్ళో తామే తేల్చి, తక్కువ ధరకి గింజలు అందించాయి. రేషన్ బియ్యానికి బదులుగా ఒక పంపిణీ వ్యవస్థని స్త్రీలే నడిపారన్నమాట. ఇవాళ అవే కొర్రలూ అండుకొర్రలూ సన్నబడే తిండి పేరుతో జూబ్లీహిల్స్ దుకాణాల్లో అందమైన ప్యాకెట్లలో కనిపిస్తున్నాయి. పండించినామె కంచంలోంచి పోయి, కొనగలిగినామె కంచంలోకి చేరితే దాన్ని ఆరోగ్య చైతన్యం అని సరిపెట్టుకోలేం.

మూడవది వ్యాయామం. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకి ఇరవై రెండు నిమిషాలు కూడా లేవు. వినడానికి ఎంత తేలిక! 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని మీద స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ తేడా రోజుకి మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ఇంటిపని కూడా వ్యాయామమే కదా అని కొందరు నవ్వుతూ అంటారు. ఒంగి ఊడ్చడం, గంటల తరబడి పొయ్యి ముందు నిలబడటం నడుము నొప్పి తెచ్చినంత తేలికగా ఊపిరితిత్తులకి బలం తేవు. పైగా వ్యాయామంలో ఉన్న ముఖ్యమైన సంగతి అది తన కోసం తాను కేటాయించుకున్న సమయం కావడం. ఆ సమయం అడగడానికే ఎంతోమంది జంకుతారు.

యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కుకి పొద్దున్నే వెళ్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. మగవాళ్ళు నడక ముగించుకుని బెంచీల మీద పేపరు చదువుకుంటుంటారు. ఆడవాళ్ళలో చాలామంది పిల్లల్ని స్కూలుకి పంపాక హడావుడిగా వచ్చి, మళ్ళీ వంటకి వేళవుతుందని హడావుడిగా వెళ్తారు. అదే వేళకి బోరబండ వైపు నుంచి పనికి వచ్చే స్త్రీలు పార్కు గోడ పక్కనుంచి అంతకన్నా వేగంగా నడిచిపోతుంటారు. వాళ్ళ నడకని ఎవరూ వ్యాయామం అనరు. హాస్టల్లో ఉండే అమ్మాయిలకి ఆఫీసయ్యేసరికి చీకటి పడుతుంది. వీధి దీపాలు సరిగా వెలగని చోట, ఫుట్‌పాత్ మీద బళ్ళు నిలిపిన చోట, వెంటపడి మాటలు విసిరేవాళ్ళున్న చోట ఒక అమ్మాయి చీకటి పడ్డాక నడవగలదా? రాత్రిపూట నిర్భయంగా నడిచే హక్కు గురించి మనం మాట్లాడేటప్పుడు అది ఆమె గుండెకీ మోకాళ్ళకీ సంబంధించిన హక్కు కూడా అని గుర్తుంచుకోవాలి.

బరువు కొందరికి ఆరోగ్య సమస్య. మరికొందరికి ఉద్యోగ షరతు. మన పక్కనే ఉన్న సినిమా పరిశ్రమ దీనికి పెద్ద ఉదాహరణ. 2006లో వచ్చిన ‘కితకితలు’ సినిమాలో లావుగా ఉన్న భార్య వల్ల భర్త పడే ఇబ్బందే హాస్యానికి ముడిసరుకు. 2015 నవంబరులో వచ్చిన ‘సైజ్ జీరో’ కోసం అనుష్క శెట్టి బరువు పెరిగి నటించారు. సన్నబడే క్లినిక్కుల మోసాల మీద తెలుగులో ఒక పెద్ద తార సినిమా చేయడం మెచ్చుకోవాల్సిందే. అదే ఏడాది జూన్ 6న ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయారు. ‘నువ్వు నాకు నచ్చావ్’తో 2001లో తెలుగు ప్రేక్షకులకి పరిచయమైన ఆమెకి అప్పటికి 31 ఏళ్ళు. చనిపోవడానికి కొన్ని వారాల ముందు కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్నారని, తర్వాత ఊపిరి అందక బాధపడ్డారని అప్పటి వార్తలు చెప్పాయి. అంతకుముందు కొన్నేళ్ళుగా ఆమె నటన గురించి కన్నా ఆమె ఒళ్ళు గురించే ఎక్కువగా రాసిన సినిమా పేజీలు ఆ మర్నాడు సంతాపం ప్రకటించాయి.

పేరున్న తారకే ఇలా ఉంటే కృష్ణానగర్ గదుల్లో ఉంటూ రోజు కూలీకి గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల సంగతేమిటి? సన్నగా ఉండాలనే షరతు ఉంది. దానికి కావలసిన తిండికి, వైద్యానికి డబ్బు ఇచ్చేవారు లేరు. షూటింగు ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, వేళకి తిండి లేదు. 2024 ఆగస్టులో బయటికి వచ్చిన కేరళ హేమ కమిటీ నివేదిక, సెట్లలో మరుగుదొడ్లు లేక స్త్రీలు మంచినీళ్ళు తాగడం కూడా మానుకుంటున్నారని రాసింది. తెలుగు పరిశ్రమలో 2018లో ఫిల్మ్ చాంబర్ ముందు జరిగిన నిరసన తర్వాత తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. దాని ఉపసంఘం ఇచ్చిన నివేదికని ప్రజల ముందు పెట్టాలని 2024లో పరిశ్రమలోని స్త్రీలు గట్టిగా అడిగారు. పని పరిస్థితుల గురించి మాట్లాడకుండా నటి బరువు గురించి మాత్రమే మాట్లాడటం ఎవరికి లాభం?

న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో స్త్రీలకి ఎప్పుడూ అండగా లేవు. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోవాలన్న నిబంధనని 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ బరువు పెరిగిన ఎయిర్ హోస్టెస్‌లని విమానం ఎక్కనివ్వకపోవడం సబబేనని 2008లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది జనవరిలో ఎయిర్ ఇండియా కొందరిని ఉద్యోగాల్లోంచే తీసేసింది. ఏళ్ళ తరబడి అనుభవం, ప్రమాద సమయంలో ప్రయాణికుల్ని కాపాడే శిక్షణ, ఇవన్నీ తూకం ముందు తేలిపోయాయి.

వైద్యం దగ్గర కూడా ఇదే ధోరణి. రెండేళ్ళ క్రితం మోకాలి నొప్పితో నేనొక ఆసుపత్రికి వెళ్తే డాక్టరు మోకాలు చూడకముందే బరువు చూశారు. ‘పది కిలోలు తగ్గి రండి’ అన్నారు. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటాను, నెలసరి ఆగిందా, రక్తం ఎంతుంది, థైరాయిడ్ పరీక్ష చేయించానా అని అడగలేదు. చదువూ జీతమూ ఉన్నదాన్ని కాబట్టి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళగలిగాను. వెళ్ళలేని స్త్రీ నొప్పినీ నేరభావాన్నీ కలిపి ఇంటికి మోసుకెళ్తుంది.

శాస్త్రం చెబుతున్నది ఈ సలహాల కన్నా లోతుగా ఉంది. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువమంది తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి పెరిగారు. వాళ్ళ శరీరాలు ఉండాల్సిన దానికన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువగా ఖర్చు చేస్తున్నాయి. అంటే తిండి తగ్గినప్పుడు శరీరం తన ఖర్చునీ తగ్గించుకుంటుంది. తిరిగి లావయిన స్త్రీని సోమరి అనడం శాస్త్రం తెలియని మాట. 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో మరో సంగతి తేలింది. షుగరు వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళు తిండి మార్చుకుని, నడక పెంచుకుంటే ఆ ప్రమాదం 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. తూకంలో ముల్లు కదలకపోయినా మంచి తిండికీ నడకకీ ఫలితం ఉందని ఇది చెబుతోంది. నెల తిరిగేసరికి కిలోలు తగ్గలేదని నిరాశపడి నడక మానేసే అక్కచెల్లెళ్ళకి ఈ మాట చెప్పడం అవసరం.

కాబట్టి మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బియ్యంతో పాటు పప్పులు, నూనె, చిరుధాన్యాలు, గుడ్లు పేద కుటుంబాలకి రేషన్ ద్వారా అందాలి. బస్తీ దవాఖానాల్లో షుగరు, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలతో పాటు స్త్రీల ఇంటి పరిస్థితి తెలిసి ఆహార సలహా ఇచ్చేవాళ్ళుండాలి. మందులతో, మహిమలతో స్థూలకాయం పోగొడతామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. మన గోడల మీది ప్రకటనలకి ఆ చట్టాన్ని వర్తింపజేయమని అధికారులకి ఫిర్యాదులు పెట్టాలి. ప్రతి బస్తీకీ నడవడానికి వీలైన ఫుట్‌పాత్, వెలిగే దీపం, మరుగుదొడ్డి ఉన్న పార్కు కావాలి. వార్డు స్థాయిలో ఇవి అడగడం స్త్రీల సంఘాల పని. శరీర కొలతని ఉద్యోగానికి షరతుగా పెట్టే యజమాని ఆ పనికి అది నిజంగా ఎందుకు అవసరమో చూపించాలి, దానివల్ల వచ్చే ఆరోగ్య ఖర్చు భరించాలి.

వీటిలో చాలావరకు ప్రభుత్వాన్ని, యజమానులని అడగాల్సినవి. ఇంట్లో అడగాల్సినవి కూడా ఉన్నాయి. వండినామె అందరితో కలిసి కూర్చుని తినాలి. గుడ్డు, పాలు, పండు ఆమె కంచంలోకీ రావాలి. ఆమె అరగంట బయటికి వెళ్తే ఆ అరగంట పని ఇంకొకరు చేయాలి. ఒంటరిగా వెళ్ళడానికి ఇబ్బందిగా ఉంటే వీధిలో పదిమంది కలిసి నడవొచ్చు. నడుస్తూ మాట్లాడుకునే మాటల్లోంచి సంఘాలు పుట్టిన సందర్భాలు మనకి తెలియనివి కావు. మీ వీధిలో, మీ బస్తీలో స్త్రీలు నడవడానికి, ఆడుకోవడానికి ఉన్న చోట్లు ఏమిటో, అక్కడ వచ్చే ఇబ్బందులేమిటో, బరువు పేరుతో ఉద్యోగంలోనో ఆసుపత్రిలోనో మీరు పడ్డ అవమానాలేమిటో మాకు రాయండి. పేర్లు లేకుండానే ప్రచురిస్తాం. వచ్చే సంచిక నాటికి వాటన్నిటినీ కలిపి నగరపాలక అధికారులకి ఒక వినతిపత్రంగా ఇద్దాం.